అమ్మ చిగుళ్ళ ట్రీట్‌మెంట్ ఇక్కడ చేయించాం, ఆరు నెలల తర్వాత రాస్తున్నా

ఈ క్లినిక్‌కి 5కి 4.5 ఇస్తున్నా, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా. ట్రీట్‌మెంట్ అయిన వెంటనే రాద్దామనుకున్నా గానీ కావాలనే ఆగాను, ఎందుకంటే చిగుళ్ళ సంగతి బిల్లు కట్టి మెట్లు దిగిన రోజు తేలేది కాదు, మూణ్ణెల్లకోసారి మళ్ళీ కొలిచి చూస్తేగానీ నిజంగా తగ్గిందో లేదో తెలీదు. ఇప్పటికి రెండు చెకప్‌లు అయ్యాయి, కొలతలు నా చేతిలో ఉన్నాయి, అందుకే ధైర్యంగా రాస్తున్నా. కొంచెం పెద్దదే. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు, నొప్పి లేదు కదా అని పళ్ళ సంగతి వదిలేసినవాళ్ళు మాత్రం ఓపిక చేసుకుని చదవండి.

మాది తెనాలి పక్కన పల్లెటూరు, నేను ఉద్యోగానికి గుంటూరులో ఉంటున్నా. అమ్మకి 61, పదేళ్ళుగా షుగర్. పొద్దున్నే పళ్ళు తోముకుంటే రక్తం రావడం ఆవిడకి ఎప్పట్నుంచో ఉంది, అడిగితే "ఒంట్లో వేడి చేసిందిరా, మజ్జిగ తాగితే అదే తగ్గుద్ది" అనేది. నోటి వాసన వస్తోందని తనకీ తెలుసు, పెళ్ళిళ్ళకి వెళ్తే కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది, అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. తర్వాత కింద ముందుపళ్ళ మధ్య సందులు వచ్చాయి, పళ్ళు కదలడం మొదలైంది, దానికి "వయసు మీద పడట్లా" అని ఒక మాట. పన్ను నొప్పి అని మాత్రం ఆవిడ ఎప్పుడూ అనలా, అందుకే నేనూ పట్టించుకోలా, ఆ తప్పు నాదే. నిరుడు దసరా ముందు కింద దవడపన్ను దగ్గర చీముపట్టి బుగ్గ వాచింది. మెడికల్ షాపులో టాబ్లెట్లు తెచ్చి వేసుకుంటే మూడో రోజుకి తగ్గింది, నెలకి మళ్ళీ వాచింది, మళ్ళీ అవే టాబ్లెట్లు, మళ్ళీ తగ్గింది, మూడోసారి వాచేసరికి నేనే ఊరెళ్ళి తీసుకొచ్చేశా.

ముందు వెళ్ళింది ఇక్కడికి కాదు, టౌన్‌లోనే ఇంకోచోటికి, పేరు వద్దులెండి. అక్కడ అద్దం పెట్టి ఒక్క నిమిషం చూసి, అన్నీ తీసేసి సెట్ పెట్టేద్దాం, లేదంటే ఇంప్లాంట్లు అని కాగితం మీద రేటు రాసిచ్చారు. ఏ పన్ను ఎంత పాడయింది, ఎందుకు పాడయింది, ఒక్కటి కూడా చెప్పలా. అమ్మ ఏమీ మాట్లాడకుండా ఆటో ఎక్కింది, ఇంటికొచ్చాక మా మేనత్త ఫోన్లో "పైపళ్ళు తీయించుకుంటే చూపు పోద్ది వదినా" అంది, ఇంక ఆ రాత్రి ఆవిడకి నిద్ర లేదు. (పైపళ్ళకీ చూపుకీ సంబంధం లేదు, ఆ నరాలు వేరు ఈ నరాలు వేరు, ఈ మాట నమ్మి చీముపన్ను ఏళ్ళ తరబడి నోట్లో ఉంచుకున్నవాళ్ళని మా ఊళ్ళోనే చూశా.)

తర్వాత ఆఫీసులో ఒకాయన చెప్తే ఇక్కడికి వచ్చాం. ఇక్కడి డాక్టర్ మేడమ్ మొదట చేసిన పని ఏంటంటే, సన్న పుల్లలాంటి పరికరం, దానికి మిల్లీమీటర్ల గీతలుంటాయి, అది తీసుకుని ఒక్కో పన్నుకి ఆరు చోట్ల చిగురుకీ పన్నుకీ మధ్య దింపి కొలవడం. కొలిచి పైకి చెప్తుంటే పక్కనమ్మాయి చార్టులో రాసుకుంటోంది. "మూడు, రెండు, మూడు... నాలుగు, ఆరు, ఏడు..." ఇలా ఇరవై నిమిషాలు. నాకు అర్థం కాక అడిగితే, మూడు దాకా మామూలే, నాలుగు నుంచి లోపల సంచిలా తయారైనట్టు, ఏడు అంటే వేరు చుట్టూ ఎముక బాగా కరిగిపోయినట్టు అని ఎక్స్‌రే పెట్టి చూపించింది. ఎముక ఎక్కడిదాకా ఉండాలో, అమ్మకి ఎక్కడిదాకా ఉందో, ఎక్స్‌రే మీద వేలు పెట్టి గీత గీసింది. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి "అమ్మా, మీకు ఉన్నవి ఇరవయ్యారు పళ్ళు, అందులో రెండు నేను నిలబెట్టలేను, మిగతా ఇరవై నాలుగూ కాపాడుకోవచ్చు, కానీ సగం పని నాది, సగం పని మీది" అంది. ఆ మాటకి అమ్మ మొహంలో వచ్చిన వెలుగు నేను మర్చిపోను.

ఇప్పుడు అసలు సంగతి. మనం పాచి అంటాం, గార అంటాం, రెండూ ఒకటే అనుకుంటాం. పాచి మెత్తగా ఉంటుంది, పన్ను మీద గోరుతో గీస్తే తెల్లగా వస్తుంది కదా అది, అందులో ఉన్నది తిండి కాదు, ప్రాణంతో ఉన్న బ్యాక్టీరియా, అవి ఒకదానికొకటి అంటుకుని జిగురు పూసుకుని కట్టుకున్న ఊరు లాంటిది. ఆ పాచిలోకి లాలాజలంలోని కాల్షియం చేరి గట్టిపడితే గార. గారని బ్రష్షు తీయలేదు, దాని గరుకు మీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా పడుతుంది. మేడమ్ నా పళ్ళకీ మా పాప పళ్ళకీ గులాబీరంగు మందు పూసి పుక్కిలించి ఊసెయ్యమంది, పాచి ఉన్నచోట మాత్రం రంగు నిలిచిపోయింది. నేను ఆ పొద్దున శుభ్రంగా తోముకునే వచ్చా, అయినా చిగురు అంచునా పళ్ళ సందుల్లోనూ ఎర్రగా గీతలు గీతలు. వంద మాటలు చెప్పినా రానిది ఆ అద్దంలో ఒక్కసారి చూస్తే వచ్చింది.

పంటి నుంచి గీకిన పాచిలో బతికున్న జీవుల్ని మొదట చూసింది 1683లో లీవెన్‌హుక్ అని హాలండ్‌లో బట్టల వ్యాపారం చేసే ఆయన, సొంతంగా చేసుకున్న భూతద్దంతో. ఇంటికొచ్చాక చదివితే నాకు నచ్చిన విషయం ఇంకొకటుంది, ఆయన వెనిగర్‌తో నోరు పుక్కిలించి చూస్తే పాచి పైన ఉన్నవి చచ్చాయి, లోపలవి బతికే ఉన్నాయట. మౌత్‌వాష్ పోసుకుని పుక్కిలిస్తే చాలు అనుకునేవాళ్ళకి ఇదే సమాధానం. పాచి ఒక్క మందుతోనే లొంగదు, దాన్ని రుద్ది చెదరగొట్టాల్సిందే.

పుచ్చడం వేరు, చిగుళ్ళ జబ్బు వేరు, ఈ తేడా నాకు నలభై ఏళ్ళొచ్చేదాకా తెలీదు. పన్ను పుచ్చడంలో పెద్ద చెయ్యి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే దానిది, దాన్ని 1924లోనే ఇంగ్లాండ్‌లో క్లార్క్ అనే ఆయన పుచ్చుపళ్ళలోంచి పట్టుకున్నాడు. అదొక్కటే కాదు, లోతుగా పుచ్చిన చోట లాక్టోబాసిల్లస్ జాతి కూడా చేరుతుంది. ఇవి చక్కెర తిని యాసిడ్ వదులుతాయి, పైగా మ్యూటన్స్ అదే చక్కెరతో జిగురు కూడా తయారుచేసుకుని పన్నుకి అతుక్కుంటుంది. నోట్లో పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువున్నట్టు) సుమారు 5.5 కిందకి దిగితే పన్ను పైపొర కరగడం మొదలు. చక్కెర నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లోనే అలా పడిపోతుంది, మళ్ళీ లాలాజలం దాన్ని మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే మేడమ్ పాపని "రోజుకి ఎన్ని చాక్లెట్లు తింటావు" అని అడగలా, "ఎన్నిసార్లు తింటావు" అని అడిగింది. ఒక్కసారి కూర్చుని నాలుగు అరిసెలు తిన్నదానికంటే, ఒక్క బిస్కెట్ ప్యాకెట్‌ని సాయంత్రమంతా కొంచెం కొంచెం తినడమే పళ్ళకి ఎక్కువ చెరుపు, ఎందుకంటే పన్నుకి తేరుకునే టైమ్ దొరకదు. మా నాన్న రోజుకి ఆరు టీలు, ఆరూ చక్కెరవే. పాపకి ఒక పాలపన్ను పుచ్చితే ఇక్కడే ఫిల్లింగ్ చేశారు, ఎలాగూ ఊడిపోయే పన్నే కదా అంటే, అది ముందే పోతే పక్కపళ్ళు జరిగి కింద నుంచి వచ్చే పన్నుకి చోటుండదు అని చెప్పింది.

మా నాయనమ్మ కాలంలో పంట్లో పురుగు ఉందనేవాళ్ళు. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ నోటికి పట్టించి పురుగులు రాలాయని చూపించేవాళ్ళు, నాయనమ్మ చెప్తే విన్నా. పురుగు అనేది ఏదీ లేదు. కానీ కంటికి కనపడనిది ఏదో లోపల తింటోంది అని వాళ్ళు పట్టుకున్నారు చూడండి, ఆ ఊహకి నేను దణ్ణం పెడతా.

చిగుళ్ళ జబ్బు దారి వేరే. చిగురు అంచున పాచి ఉండిపోతే మొదట చిగురు ఎర్రబడి వాచి రక్తం వస్తుంది. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే ప్రొఫెసర్ 12 మందిని, ఎక్కువ మంది డెంటల్ స్టూడెంట్లే, పళ్ళు తోముకోవడం ఆపేయమని పరీక్ష పెట్టాడు, మూడు వారాల లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ తోముకోవడం మొదలెడితే తగ్గిపోయాయి. అంటే ఆ దశలో పట్టుకుంటే పూర్తిగా వెనక్కి వస్తుంది. ఒంట్లో వేడీ కాదు, మజ్జిగ అక్కర్లేదు. వదిలేస్తే పాచి చిగురు కిందకి దిగుతుంది, అక్కడ గాలి ఆడదు, గాలి పడనివే అక్కడ పెరుగుతాయి, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ట్రెపోనిమా డెంటికోలా, టానరెల్లా ఫోర్సిథియా, ఈ మూడూ ఎక్కువగా కలిసే కనపడతాయి. వాటి మీదకి మన ఒళ్ళు యుద్ధానికి దిగుతుంది, ఆ యుద్ధంలోనే మన సొంత ఎముక కరిగిపోతుంది. పోయిన ఎముక మామూలుగా మళ్ళీ రాదు. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. పదేళ్ళుగా అమ్మ నోట్లో జరిగింది ఇదే, మేమంతా పక్కనే ఉన్నాం.

షుగర్‌కీ దీనికీ రెండువైపులా లంకె ఉంది. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ ఒక పట్టాన కంట్రోల్‌కి రాదు. మేడమ్ అమ్మ షుగర్ డాక్టర్‌కి లెటర్ రాసిచ్చింది, ఇది నాకు బాగా నచ్చింది. అమ్మ హెచ్‌బీఏ1సీ (మూణ్ణెల్ల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ట్రీట్‌మెంట్ ముందు 8.9 ఉంటే ఇప్పుడు 8.2, అయితే మధ్యలో మందు డోసు కూడా మార్చారు, అన్నం కూడా తగ్గించింది, కాబట్టి అంతా పళ్ళ వల్లే అని నేను రాయను, మేడమ్ కూడా ముందే "కొంచెం సాయం చేస్తుంది, షుగర్ మందులు మాత్రం ఆపకండి" అని గట్టిగా చెప్పింది.

చీముపన్ను సంగతి. టాబ్లెట్లతో ఎందుకు తగ్గి మళ్ళీ వస్తోందంటే, పన్ను లోపల నరం చచ్చిపోయాక అక్కడికి రక్తం పోదు, రక్తం పోకపోతే మందూ పోదు, చుట్టూ ఉన్న వాపు తగ్గుతుంది గానీ లోపల గూడు అలాగే ఉంటుంది. తెరిచి శుభ్రం చేసి రూట్ కెనాల్ అయినా చెయ్యాలి, పన్ను అయినా తీయాలి. అమ్మకి ఆ పన్ను చుట్టూ ఎముక కూడా లేదు కాబట్టి తీసేశారు. కదిలే ముందుపన్ను ఒకటి కూడా. ఇంకో మాట మేడమ్ చెప్పింది, ఇది అందరికీ తెలియాలి: దవడ కింద, గడ్డం కింద గట్టిగా వాపు వచ్చి, నాలుక పైకి లేచినట్టు ఉండి, మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా, ఊపిరి కష్టమైనా డెంటల్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, సరాసరి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి. కింద దవడపన్ను ఇన్ఫెక్షన్ మెడలోకి దిగితే శ్వాస ఆగిపోయేదాకా వస్తుంది. రెండుసార్లు బుగ్గ వాస్తే టాబ్లెట్లతో నెట్టుకొచ్చాం మేము, తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ట్రీట్‌మెంట్ నాలుగు సిట్టింగుల్లో చేశారు, నోటిని నాలుగు భాగాలు చేసుకుని, ఒక్కోసారి ఒక్కో భాగం, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిగురు కింద వేర్ల మీదున్న గార మెషీన్‌తో కొంత, చేతి పరికరాలతో కొంత తీశారు. ఒక్కో సిట్టింగు ముప్పావుగంట. నొప్పి తెలీలేదంది, ఇంటికొచ్చాక రెండు రోజులు సలిపింది అంతే. నాలుగు సిట్టింగులకీ 8,000, రెండు పళ్ళు తీసినందుకు 1,200, ఎక్స్‌రేలు విడిగా. మొదటి రోజే మొత్తం కాగితం మీద రాసిచ్చారు, చివర్లో ఒక్క రూపాయి పెరగలా.

క్లీన్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి అనే భయం గురించి చెప్పాలి, అమ్మకీ ఇదే ఉండేది, మొదటి సిట్టింగు తర్వాత సందులు పెద్దవయ్యాయని ఏడ్చినంత పని చేసింది కూడా. గార గోడలా నిండిపోయి ఉన్నచోట గార పోతే ఖాళీ కనపడుతుంది, వాచిన చిగురు వాపు తీస్తే కిందకి జరుగుతుంది, చల్లనీళ్ళు జివ్వుమంటాయి. వదులు చేసింది జబ్బు, క్లీనింగ్ కాదు. ఆరువారాలకి కదలడం నిజంగానే తగ్గింది. కొలతలు చూడండి, ఆరు ఏడు ఉన్నచోట్ల ఎక్కువ భాగం నాలుగుకి వచ్చాయి, రెండుచోట్ల మాత్రం ఇంకా అయిదు ఉన్నాయి, అక్కడ మళ్ళీ చెయ్యాలేమో వచ్చే చెకప్‌లో చూస్తామన్నారు. రక్తం రావడం దాదాపు లేదు. వాసన లేదు.

ఇంట్లో చెయ్యాల్సినవి నేర్పించడానికి ఒక సిట్టింగు అంత టైమ్ పెట్టారు, అమ్మ చేతికే బ్రష్షు ఇచ్చి చేయించారు. మెత్తటి బ్రష్షు, చిగురు అంచుకి ఏటవాలుగా పెట్టి చిన్నగా కదపడం. అమ్మకి చిన్నప్పట్నుంచి కచిక, తర్వాత వేపపుల్ల, ఆ చేత్తో బలంగా రుద్దే అలవాటు, పళ్ళ వేర్లు అరిగిపోయి పంటి మెడ దగ్గర గాట్లు పడ్డాయి. వేపపుల్లని మేడమ్ తప్పు పట్టలా, నమిలి మెత్తగా చేసుకుంటే పైపైన పనిచేస్తుంది, కానీ సందుల్లోకి దూరదు అంది. సందుల కోసం ఇచ్చిన సన్న సీసా బ్రష్షులాంటిది ఉంది చూడండి, ఇంటర్‌డెంటల్ బ్రష్, నా లెక్కలో ఈ మొత్తం ట్రీట్‌మెంట్‌లో అమ్మ పళ్ళని నిలబెట్టింది అదే. సైజు వాళ్ళు చూసి చెప్పాలి, మనం అంచనాగా కొనకూడదు. క్లోరెక్సిడిన్ మౌత్‌వాష్ రెండువారాలకే రాసిచ్చారు, ఎక్కువ రోజులు వాడితే పళ్ళకి గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తేడా వస్తుంది, పేస్టుతో తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి వాడాలి. రాత్రి తోముకోవడం అసలు మానకూడదన్నారు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రంతా పాచిదే రాజ్యం.

మా ఆవిడది నల్గొండ వైపు. వాళ్ళ ఊళ్ళో ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళకి మరకలు పడి ఎముకలు వంగిపోయినవాళ్ళని చూస్తూ పెరిగింది, అందుకని పాపకి ఫ్లోరైడ్ లేని పేస్టే కొనేది, ఆ భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసెయ్యకూడదు. మేడమ్ కూడా తీసెయ్యలా. ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళతో లోపలికి పోయిన ఫ్లోరైడ్ చేసిన కీడు వేరు, పేస్టులో ఉండి పన్ను పైన మాత్రం పనిచేసి ఊసేసే ఫ్లోరైడ్ వేరు, అది యాసిడ్‌కి కరిగిన పైపొర మళ్ళీ గట్టిపడటానికి సాయం చేస్తుంది అని చెప్పింది. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆపైన బఠానీ గింజంత, మింగకుండా పెద్దవాళ్ళు పక్కన నిలబడాలి. ఏ ఊరి నీళ్ళు తాగుతున్నారో కూడా అడిగి మరీ చెప్పింది.

నాన్న సంగతి రెండు ముక్కల్లో. ఆయనకి పై సెట్ ఉంది, రాత్రీ పగలూ తీయడు. అమ్మతో తోడొచ్చిన రోజు మేడమ్ తీయించి చూస్తే అంగిలి అంతా సెట్ ఆకారంలో ఎర్రగా ఉంది, క్యాండిడా అనే ఫంగస్. మందు రాసిచ్చి, రాత్రిళ్ళు సెట్ తీసి తోమి నీళ్ళలో వెయ్యమంది. నెలకి పోయింది. ఆ రోజు ఆయనకి ఫీజు తీసుకోలా.

ఇక అర ఎందుకు తగ్గించానంటే, క్లినిక్ మొదటి అంతస్తులో, లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న ముసలాళ్ళే ఎక్కువ వచ్చే చోట ఇది నిజంగా ఇబ్బంది, అమ్మ రెండుసార్లు మధ్యలో కూర్చుండిపోయింది. కింద ఒక కుర్చీ, మెట్లకి రెండువైపులా పట్టుకోడానికి రాడ్డు పెట్టించండి మేడమ్, దయచేసి. సాయంత్రం ఆరు తర్వాత అపాయింట్‌మెంట్ ఉన్నా గంట కూర్చోవాలి, పొద్దున పదకొండుకి వెళ్తే ఖాళీగా ఉంటుంది. ఇంటర్‌డెంటల్ బ్రష్షులు వాళ్ళ దగ్గర చాలాసార్లు అయిపోతున్నాయి, అన్ని మెడికల్ షాపుల్లో దొరకవు కాబట్టి ఒకేసారి రెండు ప్యాకెట్లు తెచ్చుకోండి. వెళ్ళేటప్పుడు వాడే మందుల చీటీ, కొత్త షుగర్ రిపోర్టు తీసుకెళ్ళండి, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండె వాల్వు ఆపరేషన్ అయినా కుర్చీ ఎక్కకముందే చెప్పండి, వాల్వు మార్పించుకున్నవాళ్ళకి నోటి బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్ళి గుండెకి పట్టే ప్రమాదం ఉంటుంది, ముందు మాత్ర వేసి గానీ మొదలెట్టరు.

వచ్చే నెల అమ్మ మూడో చెకప్. ఈసారి మేనత్తని కూడా తీసుకొస్తోంది, తనే ఫోన్ చేసి ఒప్పించింది. పోయినవారం మా బంధువుల పెళ్ళిలో అమ్మ పక్కన కూర్చున్న ఆవిడతో గంటసేపు మాట్లాడింది, కొంగు భుజం మీదే ఉంది.